సున్నపు చుక్క దగ్గరి గొంతు

పటాన్‌చెరులో ఏలీయా బాగు చేసిన రేడియో ఏదైనా అద్దం మీద ఒక సున్నపు చుక్కతో ఇంటికి వెళ్లేది. స్టేషన్ల పేర్లన్నీ అయిపోయి, ముల్లు ఇక జరగడానికి చోటులేని కుడి చివర ఉండేది ఆ చుక్క. తెలిసినవాళ్లు దాని గురించి అడిగేవారు కాదు. పొద్దు వాలాక ముల్లును అక్కడికి తిప్పితే కాసేపు గరగర, ఆ తర్వాత ఏలీయా భార్య మార్తమ్మ గొంతు.

రామచంద్రాపురం ఫ్యాక్టరీలో పనికి గోదావరి జిల్లా నుంచి వచ్చిన సత్తిబాబు మాత్రం అడిగాడు.

"రిపేరుకిస్తే ఈ మచ్చేంటండీ ఏలీయా గారూ? దిష్టి చుక్కా?"

"ఉండనియ్యి సార్. మాపటికి ముల్లు ఆడికి తిప్పున్రి. ఏం ఇనబడకుంటె రేపొచ్చి తుడిపించుకపోన్రి."

సత్తిబాబు మరునాడు వచ్చాడు, కానీ తుడిపించుకోవడానికి కాదు. "లైసెన్సు లేకుండా ఇలాంటిది నడిపితే జైల్లో పెడతారండీ, తెలుసా?" అన్నాడు గొంతు తగ్గించి. అంతలోనే, "నిన్న చెప్పిన ఆ తప్పిపోయిన గేదె దొరికిందాండీ?" అని అడిగాడు.

ఆ రోజుల్లో రేడియో వినడానికే పోస్టాఫీసులో డబ్బు కట్టి లైసెన్సు తీసుకోవాలి. ఆ లైసెన్సు పుస్తకాలు చూడటానికి ఇల్లిల్లూ తిరిగే పోస్టుమ్యాన్ ఐలన్న ఏలీయా ఇంట్లోనే చాయ తాగి, వెనక గదిలో మార్తమ్మ గొంతును గాలిలోకి పంపే యంత్రాన్ని చూసీ చూడనట్టు వెళ్లిపోయేవాడు. ఎవరైనా గుచ్చి అడిగితే ఒకటే జవాబు: "ఇనేటోళ్ల లైసెన్సు అడుగుమన్నరు నన్ను. మాట్లాడేటోళ్లది అడుగుమని ఎవ్వలు చెప్పలే."

ఆ యంత్రం పుట్టడానికి కారణం ఒక సమాధి. 1966 ఎండాకాలంలో జోగిపేటలో మార్తమ్మ తండ్రి పోయాడు. కబురు తెచ్చిన మనిషి సైకిలు సంగారెడ్డి దగ్గర పాడైంది. మార్తమ్మ, ఏలీయా బస్సు దిగేసరికి మట్టి పోసి, చేతులు కడుక్కుని, జనం వెళ్లిపోతున్నారు. ఒక్కగానొక్క కూతురికి తండ్రి ముఖం దక్కలేదు. తల్లి ఏసమ్మను వెంటబెట్టుకుని పటాన్‌చెరు వచ్చేసిన మార్తమ్మ దారి పొడుగునా ఏడవలేదు. ఇంటికి చేరాక మాత్రం మొగుణ్ని ఒక్క మాట అడిగింది.

"గింత పెద్ద మెకానిక్‌వు. ఢిల్లీ మాట ఈడికొస్తది. జోగిపేట మాట ఎందుకు రాదు?"

జోగిపేట దాకా వెళ్లే శక్తి ఏలీయా యంత్రానికి ఎన్నడూ రాలేదు. పాత వాల్వు రేడియోల ఎముకలు ఏరి అతను కట్టిన ఆ పెట్టె, ఇంటి కప్పు నుంచి వేప చెట్టుకు లాగిన రాగి తీగ, రెండూ కలిసి పటాన్‌చెరు చుట్టుపక్కల పల్లెలకు వినబడేవి. గాలి నిమ్మళంగా ఉన్న సాయంత్రాల్లో ఇటు భానూర్, అటు కొల్లూరు అందేవి. చర్చి సంఘానికి అది చాలు. విశ్వాసుల ఇళ్లు ఆ ఊళ్లలోనే చెదిరి ఉన్నాయి.

దేశం విడిచి వెళ్లిపోతూ మిషన్ దొరసాని ఒకామె తన టేపు రికార్డరును మార్తమ్మకు ఇచ్చింది. పెద్ద చక్రాలు తిరిగే బరువైన పెట్టె అది. పొద్దుగూకే వేళ ఆడవాళ్ల ప్రార్థనకు ఇళ్లు తిరగాలి కాబట్టి, మార్తమ్మ మధ్యాహ్నమే చెప్పవలసిందంతా టేపులో చెప్పి పెట్టేది. సాయంత్రం ఏలీయా దాన్ని యంత్రానికి తగిలించి గాలిలోకి వదిలేవాడు. వందనాలు, ఒక ప్రార్థన, తప్పిపోయిన పశువులు, కోతలకు కావలసిన కూలీలు, చివర చావు కబురు ఉంటే చావు కబురు.

చావు కబురు చెప్పడానికి మార్తమ్మకు ఒక పద్ధతి ఉండేది. పోయిన మనిషిది పక్క ఊరైతే పేరుకు ముందు ఊరి పేరు చెప్పేది. పటాన్‌చెరు మనిషైతే ఊరు చెప్పేది కాదు, వట్టి పేరే. మన మనిషికి మళ్లీ ఊరెందుకు అనేది. శవాన్ని కళ్లారా చూసిన మనిషి ఎదుట నిలబడి చెబితే తప్ప నోరు విప్పేది కాదు. ఒకసారి సంఘ పెద్ద స్వయంగా వచ్చి ఫలానా ఆయన పోయాడట అంటే, "అట అంటె నేను చెప్పను" అని పంపేసింది. తెల్లారి ఆ ఫలానా ఆయన లేచి అంబలి తాగాడు. అప్పటి నుంచి మార్తమ్మ చెప్పిందంటే అంతే అని నలుగురిలో పేరు పడింది.

టేపు కరువు రోజులు. పశువుల కబుర్ల మీద ఏలీయా మళ్లీ మళ్లీ రికార్డు చేసేవాడు. చావు కబుర్ల మీద మాత్రం మార్తమ్మ చేయనిచ్చేది కాదు. పోయినోళ్ల పేరు తుడపవద్దని పట్టుబట్టేది. అందుకని ఏలీయా ఆ ముక్కలను బ్లేడుతో కోసి, చుట్టచుట్టి, బిస్కెట్ డబ్బాలో దాచేవాడు. కొన్నేళ్లకు డబ్బా నిండింది. దావీదులు, సొలొమోనులు, ఏసమ్మలు. సంఘంలో ఉన్న పేర్లే తక్కువ, పోయినవాళ్లవీ ఉన్నవాళ్లవీ అవే పేర్లు.

1973 వానల్లో మార్తమ్మకు కామెర్లు వచ్చాయి. పసరు తాగించారు, ఆసుపత్రికి తీసుకుపోయారు, ఇంటికి తెచ్చారు. పోయింది.

ఆ సాయంత్రం కబురు ఎవరు చెప్పాలన్నది ప్రశ్న. ఏలీయా మైకు ముందు కూర్చుంటే గొంతు రాలేదు. చాలాసేపటికి లేచి డబ్బా తీశాడు. భానూర్‌లో ఎప్పుడో పోయిన ఒక మార్తమ్మ కబురు అందులో ఉంది. ముందున్న 'భానూర్' అన్న ముక్కను కోసేశాడు. మిగిలింది గాలిలోకి వదిలాడు.

"విశ్వాసులకు మనవి. మార్తమ్మ ప్రభువునందు నిద్రించింది. రేపు ఉదయం సమాధి కార్యక్రమం."

వాడలో నడుస్తున్నవాళ్లు ఎక్కడివాళ్లక్కడ నిలబడ్డారు. ఆ గొంతులో తడబాటు లేదు, దుఃఖం లేదు. ఎవరి గురించో చెప్పినట్టు, తన గురించి తానే చెప్పింది. లోపల చాప మీద ఆమె దేహం ఉంది.

ఇక ఆ తర్వాత ఏలీయా మరో గొంతును వెతకలేదు. ఎవరు పోయినా డబ్బా తీసేవాడు. ఒక దావీదు కబురులోంచి పేరు, ఇంకొకరి కబురులోంచి ఊరు, వేరొకరి దాంట్లోంచి రేపు, ఎల్లుండి. ముక్కలను పెదాల మధ్య పట్టుకుని, పారదర్శకంగా ఉండే అంటు టేపుతో ఒకదాని కొస ఇంకొకదానికి అతికించేవాడు. తాను పోయిన తర్వాత పోయినవాళ్ల కబుర్లు కూడా మార్తమ్మే చెబుతూ వచ్చింది. కొత్తలో కొందరు ఏడ్చారు. తర్వాత అలవాటైంది. అయినా పొద్దువాలాక ఆ గొంతు మొదలవగానే ముసలివాళ్లు చేతిలో పని ఆపి, తమ పేరు వచ్చేదాకా అన్నట్టు చూసేవారు. రాకపోతే మళ్లీ పనిలో పడేవారు.

"నీ పెండ్లాం కంటె ముందు నువ్వే పోయుంటె మంచిగుండు" అంది ఒకసారి పక్కింటి ముత్యమ్మ. "నీ గొంతుకు ఎవ్వలు భయపడకపోదురు."

1975 మే నెల. కొల్లూరు నుంచి ఒక మనిషి వచ్చి తన మేనత్త ఏసమ్మ పోయిందని చెప్పాడు. చూసే వచ్చాడు. డబ్బాలో పాత ఏసమ్మ ఒకామె ఉంది. కొల్లూరు ముక్క కూడా ఉంది. రేకుల కప్పు కింద గది కొలిమిలా ఉంది. ఏలీయా ముక్కలు కోశాడు, పెదాల మధ్య పెట్టుకున్నాడు, అతికించాడు, పొద్దువాలాక చక్రాలు తిప్పాడు.

మాటలు గాలిలోకి పోతున్నంతసేపూ ఆ గదిలో శబ్దం ఉండదు. స్పీకరు పెడితే యంత్రం ఊళ పెడుతుంది. అందుకని ఏలీయాకు ఉన్న గుర్తు ఒక చిన్న టార్చిలైటు బల్బే. మాట పోతుంటే వెలుగుతుంది, మాట ఆగితే ఆరుతుంది. ఆ సాయంత్రం బల్బు ఎప్పటిలాగే మినుకుమని ఆరింది. అతను స్విచ్చి తీసి, యంత్రం చల్లారేదాకా అక్కడే కూర్చుని, చెమట తుడుచుకుంటూ ముందు వాకిట్లోకి వచ్చాడు.

గుమ్మంలో వడ్ల సంగయ్య నిలబడి ఉన్నాడు, చేతిలో కొలత తాడుతో. సంఘంలో ఎవరు పోయినా శవపెట్టె చేసేది అతనే.

"ఏంది సంగన్నా?"

"కొలతకొచ్చిన."

"ఎవలకు?"

సంగయ్య అతని వైపు జాలిగా చూశాడు. దుఃఖంలో మతి చెదిరిందనుకున్నాడు. "మీ అత్తకే గద. మార్తమ్మ ఇందాకనే చెప్పె."

అతని వెనక వాడ ఆడవాళ్లు వస్తున్నారు. ముత్యమ్మ చేతిలో తెల్ల బట్ట ఉంది. ఏలీయా వంటగదిలోకి పరుగెత్తాడు. గూట్లో రేడియో ఇంకా గరగరలాడుతోంది. కింద చేటలో సగం ఏరిన బియ్యం. ఏసమ్మ అక్కడ లేదు.

పక్క అర్రలో మంచం మీద ఉంది. స్నానం చేసింది. తెల్లచీర కట్టుకుంది. తడి జుట్టు విప్పి, చేతులు ఛాతీ మీద పెట్టుకుని, కప్పు వైపు చూస్తూ పడుకుంది.

"అప్పుడే వచ్చిండ్రా అందరు?" అంది. "జెర ఆగున్రి. ఇంక పాణం పోలే."

ఒకామె నవ్వబోయి మానేసింది. ఏలీయా మంచం పట్టె మీద కూర్చున్నాడు.

"అత్తమ్మా, నువ్వు గాదు. కొల్లూరు ఏసమ్మ. టేపుల కొల్లూరు అన్న మాట పోయింది."

"ఎట్ల పోయింది?"

"ఎండకు అతుకు ఊడినట్టుంది."

"ఊడితె టేపు తెగుతది. తెగితె ఆగుతది. నువ్వే చెప్పేటోనివి. ఆగలే గదా. మొత్తం చెప్పింది బిడ్డ."

ఏలీయా వెనక గదికి వెళ్లి టేపు తీసి వెలుతురులో పట్టి చూశాడు. అతుకు ఊడలేదు. కొల్లూరుకు ముందు ఉండవలసిన ముక్క, తర్వాత ఉండవలసిన ముక్క, రెండూ ఒకదానికొకటి నేరుగా, చక్కగా అతికి ఉన్నాయి. మధ్యలో కొల్లూరు లేదు. నేల ఊడ్చాడు, జేబులు తిరగేశాడు, యంత్రం విప్పాడు. ఆ ముక్క దొరకలేదు. పెదాల మధ్య నుంచి జారిపోయి ఉంటుంది, తానే మరిచి ఉంటాడు అనుకున్నాడు. అయితే దాన్ని అతికించి, బొటనవేలి గోటితో నొక్కినట్టు వేలికి గుర్తుంది.

వెంటనే యంత్రం పెట్టి తన గొంతుతోనే చెప్పాడు. కబురు తప్పు, పోయింది కొల్లూరు ఏసమ్మ, పటాన్‌చెరు ఏసమ్మ బతికే ఉంది. వాడ వాళ్లు ఊపిరి పీల్చుకుని ఇళ్లకు వెళ్లిపోయారు. సంగయ్య అప్పటికే కొలత పట్టి ముడి వేసిన తాడును చుట్టుకున్నాడు. ఏసమ్మ మాత్రం మంచం దిగలేదు.

"నీ గొంతు నాకెందుకు?" అంది అల్లుడితో. "నువ్వు అట అంటె సుత చెప్తవు. ఆమె చెప్పదు."

"టేపు అత్తమ్మా. నేను కోసి అతికిచ్చిన టేపు."

"అవును. మరి నువ్వు కొల్లూరు అతికిచ్చినవా, లేదా?"

"అతికిచ్చిన."

"మరి తీసిందెవలు?"

మరునాడు అన్నం ముట్టలేదు. ఆ తర్వాతి రోజూ ముట్టలేదు. పెదాలు తడిపేంత నీళ్లు తాగేది. చర్చి అయ్యగారు వచ్చి తలాపున కూర్చుని, దేవుడు పిలిచేదాకా మనం పోకూడదమ్మా, అది పాపం అని చెప్పాడు. ఆమె శ్రద్ధగా విన్నది. "నేను పోతలేనయ్యా. పిలిచిండ్రు, ఎదురు సూస్తున్న" అంది. కాంపౌండరు నాడి చూసి, జబ్బేమీ లేదు, తినకపోతే మాత్రం వారం గడవదు అన్నాడు. ఆమె ముఖం రోజురోజుకూ లోపలికి పోతూ మార్తమ్మ చివరి రోజుల ముఖంలా తయారవుతోంది. ముత్యమ్మ ఆ మాట పైకి అంది. ఏలీయా అప్పటికే చూశాడు.

"మంకు పట్టకు వదినా, లే" అని ముత్యమ్మ బతిమాలింది. "నువ్వు పోతె నా మీద సాడీలు ఎవలు చెప్తరు?"

ఏసమ్మ కొంచెం నవ్వింది. "బిడ్డ పొమ్మన్నది. బిడ్డ లెవ్వుమంటె లేస్త."

ఆ మాట ఏలీయాకు మేకులా దిగింది.

డబ్బాలోని ముక్కలన్నీ వినిచూశాడు. చావులు, సమాధులు, వందనాలు. లెవ్వుమన్న మాట ఒక్కదానిలోనూ లేదు. అది ఎక్కడ ఉందో అతనికి తెలుసు.

రికార్డరు ఇంటికి వచ్చిన రోజున పరీక్షకు తిప్పిన టేపు ఒకటి అతని ట్రంకుపెట్టెలో ఉంది. దాన్ని ఎవరికీ వినిపించలేదు. ఆదివారం ఆరాధన అయ్యాక తలుపు వేసుకుని తానొక్కడే వినేవాడు. అందులో మార్తమ్మ గొంతు కబురు చెప్పే గొంతు కాదు. ఇంట్లో గొంతు. యంత్రం వదలని మొగుణ్ని కసురుతుంది. మధ్యమధ్యలో అతను నవ్వుతుంటాడు. లెవ్వు అంటుంది ఒకచోట, ఆ తర్వాత ఏదో గిన్నె చప్పుడు, అతని నవ్వు, ఇంకెక్కడో అన్నం తిను, చివర్లో సల్లార్తది. నవ్వులతో సహా వదిలితే పాత టేపని ఏసమ్మకు తెలిసిపోతుంది. కోయాలి. అతనికి ఉన్నది ఒక్క రికార్డరే. దీని నుంచి దానికి ఎక్కించుకోవడానికి రెండోది లేదు.

అంతకన్నా పెద్ద చిక్కు ఇంకోటి ఉంది. ఆ టేపును తిరగేసి పెడితే రెండో వైపు మార్తమ్మ పాట ఉంది. ఆమె పాడగా మిగిలింది అదొక్కటే. ఈ వైపు మాట కోస్తే ఆ వైపు పాట తెగుతుంది. ఎక్కడ తెగుతుందో, ఏ చరణంలో ఎంత పోతుందో కోసేదాకా తెలియదు.

మధ్యాహ్నం గదిలో కూర్చుని పాటను చివరిసారి మొత్తం విన్నాడు. తర్వాత టేపును తిరగేసి, చక్రాలను చేత్తో మెల్లగా ముందుకూ వెనక్కూ తిప్పుతూ మాట మొదలయ్యే చోటు వెతికాడు. చేత్తో తిప్పితే గొంతు మారిపోతుంది. లెవ్వు అన్న మాట బావి అడుగు నుంచి ఎవరో మూలుగుతున్నట్టు వచ్చింది. దర్జీ సుద్దతో గుర్తు పెట్టాడు. బ్లేడు పెట్టాడు. అలా మూడు ముక్కలు. ఈసారి వేటినీ పెదాల మధ్య పెట్టుకోలేదు. తడిగుడ్డ పరిచి దాని మీద వరసగా పెట్టి అతికించాడు. ముందు కొంత ఖాళీ టేపు, తర్వాత మూడు ముక్కలు, తర్వాత మళ్లీ ఖాళీ. తిప్పి విన్నాడు.

"లెవ్వు. అన్నం తిను. సల్లార్తది."

అంతే. అమ్మా అని ముందు ఒక్క మాట ఉంటే బాగుండేదనిపించింది. టేపంతా వెతికాడు కాబట్టి తెలుసు, ఆ మాట అందులో లేదు.

పొద్దు వాలింది. రేడియోను మంచం పక్కన స్టూలు మీద పెట్టి, ముల్లును చుక్క దగ్గర నిలిపాడు. ముత్యమ్మను అన్నం గిన్నెతో పక్కన కూర్చోమన్నాడు. ఏం జరగబోతుందో ఆమెకు చెప్పలేదు. వెనక గదికి వెళ్లి తలుపు వేసి స్విచ్చి నొక్కాడు.

చక్రాలు తిరిగాయి. ఖాళీ టేపు మొదలైంది.

బల్బు వెలిగింది.

ఏలీయా వంగి చూశాడు. మాట ఉన్న ముక్క ఇంకా జానెడు దూరంలో, చక్రం మీదే ఉంది. బల్బు ఒక చిన్న మాట పట్టేంతసేపు వెలిగి ఆరింది. కాస్త ఆగి, ముక్కలు వచ్చినప్పుడు మళ్లీ మూడుసార్లు వెలిగింది. తీగ ఎక్కడో చెట్టుకు తగిలి ఉంటుంది అనుకున్నాడు. ఆకు కదిలే గాలి కూడా లేదు.

అతను ఇవతలికి వచ్చేసరికి ఏసమ్మ మంచం మీద లేచి కూర్చుని ఉంది. ముత్యమ్మ గోడకు ఆనుకుని, గిన్నె ఒళ్లో పెట్టుకుని బిగుసుకుపోయి ఉంది. ఏసమ్మ ఆమె చేతిలోంచి గిన్నె తీసుకుని, అన్నం కలిపి, చిన్న ముద్ద నోట్లో పెట్టుకుంది. నమిలి మింగింది.

"ఉప్పు ఎక్కువైంది ముత్యమ్మా" అంది. ఆ తర్వాత అల్లుడి వైపు చూసింది. "అమ్మా అని నోరార పిలిచె. ఇంక ఎట్ల పండుకుంట?"

ఆకలి మీద ఉన్న ముసలిదానికి చెవులు ఏవో వింటాయి అనుకున్నాడు ఏలీయా. ముత్యమ్మ ముఖం చూడకుండా ఉండటానికి ప్రయత్నించాడు.

మరునాడు పొద్దున సత్తిబాబు డ్యూటీకి వెళ్తూ దుకాణం ముందు సైకిలు ఆపాడు.

"పెద్దావిడ తిందటగా. మంచి పని చేశారండీ. మా ఆవిడ వీరలక్ష్మి వింటానే కళ్లు తుడుచుకుంది." సైకిలు కదిలించబోయి ఆగాడు. "ఆ మొదట్లో అమ్మా అన్నది మాత్రం మిగతాదాంతో అతకలేదండీ. మిగిలినవి పాత టేపని తెలిసిపోతోంది. అదొక్కటీ పక్కన నిలబడి పిలిచినట్టుంది. ఎక్కడ పట్టారది?"

"ఆడ్నే ఉండె సార్" అన్నాడు ఏలీయా.

సత్తిబాబు వెళ్లిపోయాక వెనక గదిలోకి వెళ్లి టేపు తిప్పాడు. స్పీకరుకు చెవి ఆనించి విన్నాడు. ఖాళీ టేపు జరుగుతున్న సన్నని సర్రు, తర్వాత మూడు మాటలు. ముందు ఏమీ లేదు. మళ్లీ విన్నాడు. ఏమీ లేదు.

ఆ మధ్యాహ్నమే కప్పెక్కి రాగి తీగ విప్పేశాడు. తర్వాతి నెలలో దేశంలో ఎమర్జెన్సీ వచ్చింది. ఏలీయా పోలీసులకు భయపడి రేడియో బంద్ చేశాడని ఊళ్లో అనుకున్నారు. అతను కాదనలేదు. ఐలన్న ఒక్కడే రోజుల లెక్క కుదరడం లేదే అన్నట్టు చూసి, చాయ తాగి వెళ్లిపోయేవాడు.

ఏసమ్మ ఆ తర్వాత మూడేళ్లు బతికింది. పోయినప్పుడు కబురు సైకిల్ మీదే వెళ్లింది, భానూర్ వాళ్లకు ఆలస్యంగా అందింది. సంగయ్య పాత కొలతతోనే పెట్టె చేశాడు, సరిపోయింది. ఆ మూడు ముక్కలను అలాగే ఉంచి, మిగిలిన పాట టేపును ఏలీయా మళ్లీ అతికించాడు గానీ, రెండో చరణంలో మూడుచోట్ల పాట ఎగిరి పడుతుంది. ఆ చోట్ల ఏముండేదో అతనికి కంఠతా వచ్చు. వినేటప్పుడు అతను తన గొంతుతో ఆ ఖాళీలను పూరించుకునేవాడు.

ఊళ్లో పాత రేడియోల మీద ఆ చుక్కలు చాలా కాలం ఉన్నాయి. తుడుచుకోమని ఏలీయా ఎవరికీ చెప్పలేదు. రిపేరుకు వచ్చిన పెట్టె మీద చుక్క కనబడితే మాత్రం పని అయ్యాక ముల్లును దానికి దూరంగా, హైదరాబాద్ స్టేషన్ మీద నిలిపి ఇచ్చేవాడు.